పాప ఎత్తు తగ్గినట్టు చూపిస్తోందా? కొలత చూడండి

పాప ఎత్తు తగ్గలేదక్కా, కొలిచే పద్ధతి మారింది. మీ తాడిపత్రి అంగన్‌వాడీ సెంటర్‌లో పోయిన నెల 82.4 సెం.మీ., రెండేళ్లు నిండాక ఈ నెల 82.1 వచ్చిందన్నారు. పోయిన నెల పడుకోబెట్టి, ఈసారి నిలబెట్టి కొలిచి ఉంటారు. పడుకోబెడితే సుమారు 0.7 సెం.మీ. ఎక్కువ వస్తుంది. అంటే పోయిన నెల నిలబెట్టి ఉంటే 81.7 వచ్చేది; ఆ లెక్కన పాప 0.4 సెం.మీ. పెరిగినట్టే.

1. రెండేళ్ల లోపు పడుకోబెట్టి, నిండాక నిలబెట్టి కొలవాలి. నెలలు పుట్టిన తేదీతోనే లెక్కేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: పడుకోబెట్టి కొలవడం ఒక్కరి పని కాదు. సెంటర్‌లో సాయం చేసే ఆయమ్మ బిడ్డ తలను కొలత బల్ల పలకకు ఆనించి పట్టుకోవాలి, మీరు మోకాళ్లు మెల్లగా అదిమి పాదాలకు పలక తాకించాలి. ఒంటరిగా చేస్తే బిడ్డ మోకాలు ముడుస్తుంది, సెంటీమీటరు ఇట్టే పోతుంది. మా కడపలో నాకూ ఇలాగే తప్పు వచ్చేది. బిడ్డ ఏడుస్తుంటే ఆగండి, తొందరపడి రాసెయ్యొద్దు.

3. నిలబెట్టేటప్పుడు పిలక విప్పండి, చెప్పులు తీయించండి. మడమలు గోడకు ఆనాలి.

4. రెండుసార్లు కొలవండి. తేడా ఎక్కువొస్తే మూడోసారి.

పోయిన నెల అంకె దిద్దొద్దు. సూపర్‌వైజర్ అడిగితే ఏ నెల ఎలా కొలిచారో చెప్పండి.