పేపరు ముందే ఇచ్చేసిన వాళ్లకు మార్కులు ఎక్కువ వస్తాయా? లెక్కలో ఎలా చూడాలి?

తరగతిలో ఒక్కొక్కరు ఎన్ని నిమిషాల్లో పేపరు ఇచ్చేశారో, ఎన్ని మార్కులు వచ్చాయో మీ దగ్గర ఉన్నాయి కదా. నేరుగా సహసంబంధ గుణకం (రెండూ ఎంతగా కలిసి పెరుగుతాయో, తగ్గుతాయో చెప్పే సంఖ్య) లెక్కపెట్టేయకండి. ముందు గ్రాఫు గీయండి: అడ్డంగా సమయం, నిలువుగా మార్కులు, విద్యార్థికో చుక్క.

ఎందుకంటారా? సమయాలు 40, 60, 80, 100, 120 నిమిషాలు, మార్కులు వరుసగా 30, 60, 75, 60, 30 అనుకోండి. మామూలుగా వాడే సహసంబంధ గుణకం, అంటే సరళరేఖ సంబంధాన్ని కొలిచే పియర్సన్ గుణకం, సరిగ్గా సున్నా వస్తుంది. సంబంధం లేదని కాదు, అది సరళరేఖలో లేదు, అంతే. స్పియర్‌మన్ ర్యాంకు పద్ధతీ (అంకెలకు బదులు వాటి ర్యాంకులతో లెక్కించేది) ఇక్కడ పనికిరాదు, అదీ సున్నానే. ఇలాంటప్పుడు సమయాన్ని బట్టి మార్కులను అంచనా వేసే సమీకరణంలో, అంటే రిగ్రెషన్‌లో సమయంతో పాటు సమయ వర్గాన్ని (సమయం × సమయం) కూడా చేర్చాలి. నిజానికి ముందే లేచి వెళ్లేవాళ్లలో బాగా వచ్చినవాళ్లూ ఉంటారు, ఏమీ రాక వదిలేసినవాళ్లూ ఉంటారు. ఇద్దర్నీ కలిపితే సగటు ఏమీ చెప్పదు.

చాలామంది పట్టించుకోని చిక్కు ఇంకొకటి ఉంది. 180 నిమిషాల పరీక్షలో చివరి బెల్లు దాకా రాసిన వాళ్లందరికీ 180 అనే పడుతుంది. వాళ్లకు నిజంగా ఎంత సమయం కావాలో మనకు తెలియదు. అందుకే ఆ గుంపును విడిగా గుర్తించి చూడండి.

వీలైతే పాత పరీక్ష మార్కులు కూడా రిగ్రెషన్‌లో పెట్టండి. అప్పుడు ఒకే స్థాయి పిల్లల మధ్య సమయాన్ని బట్టి తేడా కనిపిస్తోందా అన్నది తెలుస్తుంది. అయినా, తొందరగా రాస్తే మార్కులు పెరుగుతాయని మాత్రం దీన్నిబట్టి పిల్లలకు చెప్పొద్దు.