పాప బరువు అందరూ చూస్తున్నారు, పాప తల్లిని ఎవరు చూస్తున్నారు?

ప్రశ్న: నా వయసు 28. ఏడు వారాల క్రితం ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని పుట్టింట్లో ఉన్నాను. మావారు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ రెండు వారాలకొకసారి వస్తారు. పాప పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఆరో వారం టీకా వేయించినప్పుడు 3.7 కిలోలు ఉంది. అయినా సాయంత్రమైతే గంటల తరబడి ఏడుస్తుంది. పాలు చాలడం లేదని ఇక్కడ మా అమ్మ, ఫోనులో మా అత్తగారు అంటూ ఉంటే, వారం నుంచి రాత్రిపూట డబ్బా పాలు పడుతున్నాం. పథ్యం పేరుతో నాకు మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తున్నారు. పప్పు, పెరుగు, పళ్ళు పెట్టరు. రోజూ ఏడుపు వస్తుంది. పాప నిద్రపోయినా నాకు నిద్ర పట్టదు. నేను లేకపోతేనే దానికి మంచిదేమో అనిపిస్తోంది. డబ్బా పాలే పూర్తిగా మొదలుపెట్టమంటారా?

జవాబు: మీరు అడిగింది డబ్బా పాల గురించే అయినా, దానికి ముందు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మీరు లేకపోతేనే పాపకు మంచిదేమో అన్న ఆలోచనను ఇంతవరకు మీ ఇంట్లో ఎవరికీ చెప్పి ఉండరని నా అనుమానం. చెబితే, బంగారంలాంటి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఇవేం మాటలని కసురుతారేమో అన్న భయం మీకు ఉండి ఉంటుంది. కానీ ఈ రోజే, మీవారికి గాని అమ్మగారికి గాని ఆ వాక్యాన్ని అలాగే, మెత్తబరచకుండా చెప్పండి. నోటితో చెప్పలేకపోతే నాకు రాసిన ఉత్తరాన్నే చదవమని ఇవ్వండి. మనసు బాగోలేనివారి కోసం కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ ఫోన్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనో, ప్రాణం తీసుకోవాలనో, పాపను ఏదైనా చేయాలనో ఆలోచన వస్తే మాత్రం ఒంటరిగా ఉండకండి. అప్పటికప్పుడు ఇంట్లో ఎవరినైనా వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి.

కాన్పైన మూడు నాలుగు రోజులకు కారణం లేకుండా ఏడుపు రావడం, చిన్న మాటకే మనసు చివుక్కుమనడం చాలామంది బాలింతలకు ఉండేదే. అది రెండు వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. మీకు ఏడు వారాలు దాటింది, ఏడుపు రోజూ వస్తోంది, అన్నిటికీ మించి పాప నిద్రపోతున్నప్పుడు కూడా మీకు కునుకు పట్టడం లేదు. పాప ఏడిస్తే మెలకువ రావడం వేరు, పాప హాయిగా పడుకుని ఉన్నా మీ కళ్ళు మూతపడకపోవడం వేరు. ఈ రెండోది వైద్యుడు తప్పక వినవలసిన మాట. నేను ఉత్తరం చూసి రోగనిర్ధారణ చేయను. కానీ మీ మాటలన్నీ ప్రసవానంతర కుంగుబాటువైపే చూపుతున్నాయి. అది మీ స్వభావంలోని లోపం కాదు, తల్లిప్రేమ తక్కువై వచ్చేదీ కాదు. చికిత్సతో నయమయ్యే జబ్బు.

ఈ వారంలోనే మీకు ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరకు వెళ్ళి, కుట్లతో పాటు మనసు సంగతీ చెప్పండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించమని అడగండి. కాన్పులో నెత్తురు పోవడం వల్ల వచ్చే రక్తహీనత, కాన్పు తరువాత కొందరిలో అదుపు తప్పే థైరాయిడ్ కూడా ఇలాంటి నీరసాన్నీ నిరాశనూ తెస్తాయి. అవసరమైతే మానసిక వైద్యుడి దగ్గరకు పంపుతారు. మందులు వాడితే పాలు మాన్పించాలేమో అని భయపడవద్దు, పాలిచ్చే తల్లులకు ఇవ్వదగిన మందులు ఉన్నాయి. మీరు పాలిస్తున్నట్టు డాక్టరుకు ముందుగానే చెబితే చాలు. ఆసుపత్రిలో చేరవలసి వస్తే పాపను విడదీస్తారేమో అన్న బెంగ కూడా కొందరికి ఉంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే విభాగమే ఉంది. మీకు అంత దూరం వెళ్ళవలసిన అవసరం వస్తుందని నేను అనుకోవడం లేదు. ఆ భయంతో డాక్టరు దగ్గర నోరు మూసుకోకూడదనే చెబుతున్నాను.

ఇక పాల సంగతి. పాలు చాలుతున్నాయో లేదో తేల్చే ఆధారం మీరే రాసి పంపారు, కానీ దానిని మీ ఇంట్లో ఎవరూ సరిగా చదవలేదు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కాస్త బరువు తగ్గి, దాదాపు రెండు వారాలకు మళ్ళీ పుట్టిన బరువుకు చేరుతుంది. అక్కడి నుంచి మొదటి మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే సరిపోతుంది. మీ పాప రెండో వారానికి 2.8 కిలోలకు తిరిగి వచ్చిందనుకున్నా, ఆ తరువాతి నాలుగు వారాల్లో 900 గ్రాములు పెరిగింది, అంటే రోజుకు 30 గ్రాములకు పైనే. డబ్బా మూత తీసింది ఆరో వారం దాటాక కదా, అప్పటివరకు వచ్చిన ఆ బరువంతా మీ పాలతో వచ్చిందే. పాలు చాలని తల్లి బిడ్డ అలా పెరగదు.

మరి సాయంత్రం ఏడుపు ఎందుకంటారా? ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఏడుపు ఆరో వారం ప్రాంతంలో పతాకస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఆ వేళల్లో వదలకుండా రొమ్ము పట్టుకుని ఉండటం, ఇప్పుడే తాగి మళ్ళీ అడగడం కూడా ఈ వయసులో మామూలే. ఇదే సమయానికి, మొదట్లో గట్టిగా నిండుగా ఉన్న రొమ్ములు మెత్తబడతాయి. పాలు ఇంకిపోయాయని అందరూ అనుకుంటారు గాని, బిడ్డకు ఎంత కావాలో అంతే తయారు చేసుకోవడం ఒంటికి అలవాటు కావడం వల్ల అలా జరుగుతుంది. ఏడుపూ, మెత్తదనమూ ఒకేసారి వచ్చేసరికి మీ ఇంట్లో అనుమానం గట్టిపడింది. ఏడుపు గొంతు మారినా, జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, పచ్చగా వాంతి చేసుకున్నా, మగతగా పడి ఉన్నా మాత్రం అది వేరే సంగతి, ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి.

డబ్బా పాలతో వచ్చే చిక్కు ఒకటి ఉంది. పిల్ల ఎంత తాగితే అంత తయారయ్యే సరుకు తల్లిపాలు. రాత్రిపూట డబ్బా పడితే ఆ పూట మీ ఒంటికి పిలుపు అందదు, కొన్నాళ్ళకు నిజంగానే పాలు తగ్గుతాయి, అప్పుడు "మేం ముందే చెప్పాం" అంటారు. అందుకని ముందు రెండు వైపులా మీ పాలు ఇచ్చి, ఆ తరువాత కూడా కావలసి వస్తేనే డబ్బా పాలను సీసాతో కాక ఉగ్గుగిన్నెతో పట్టి, పిల్లల డాక్టరుతో మాట్లాడి కొన్ని రోజుల్లో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి. ఉన్నంతకాలం డబ్బా మీద రాసిన కొలతకే కలపాలి. పలుచగా కలిపితే తేలికగా అరుగుతుందని పెద్దలు అదనంగా నీళ్ళు పోస్తుంటారు, అది పిల్లకు హాని చేస్తుంది. ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. చికిత్సలో భాగంగా మీకు రాత్రి నాలుగైదు గంటలు ఏకధాటి నిద్ర అవసరమని డాక్టరు అంటే, ఆ ఒక్క పూట పిండి ఉంచిన మీ పాలో, డబ్బా పాలో మరొకరు పట్టడంలో తప్పేమీ లేదు. అప్పుడది మీ ఓటమి కాదు, మీ మందుల్లో ఒకటి.

పథ్యం విషయంలో మీ అమ్మగారిని పూర్తిగా తప్పుపట్టలేను. బాలింతది పచ్చి ఒళ్ళు, పని చేయనివ్వకూడదు, వేడివేడిగా పెట్టాలి, ఒళ్ళు పట్టాలి అన్నవి ఎంతో మంచి ఆచారాలు. వెల్లుల్లి కారం, శొంఠి, వాము, నెయ్యి తగుమాత్రంగా తినండి. మీ గోదావరి వైపు బాలింతలకు పాలు పడతాయని పాలసొర పిట్టు పెడతారు, మాంసకృత్తులున్న ఆహారమే, కానీ సొరజాతి చేపల్లో పాదరసం చేరే అవకాశం ఉంది కనుక ఎప్పుడో ఒకసారి చాలు, చిన్న చేపలు మేలు. అభ్యంతరమల్లా తీసేసిన వాటి గురించే. పప్పు తింటే కుట్లు చీము పడతాయన్నది నిజం కాదు, ఆపరేషన్ గాయం మానడానికి పప్పు, గుడ్డు వంటివే కావాలి. పెరుగు మీరు తింటే పాపకు జలుబు చేయదు. నీళ్ళు తాగితే పొట్ట పెరగదు, తాగకపోతే మలబద్ధకం వచ్చి కుట్ల మీద భారం పడుతుంది. పాలిచ్చేటప్పుడల్లా పక్కన ఒక గ్లాసు పెట్టుకోండి, దాహమైనంత తాగండి. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తరువాత కూడా ఆరు నెలలు వాడాలి, వేడి చేస్తాయని ఆపేసి ఉంటే మళ్ళీ మొదలుపెట్టండి.

పాపకు మాత్రం ఆరు నెలలు నిండేదాకా నీళ్ళు, తేనె, ఆముదం, గ్రైప్ వాటర్, మాటలు త్వరగా రావాలని అరగదీసి పోసే వస ఏవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేవరకూ వద్దు, దానివల్ల పసిపిల్లలకు ప్రమాదకరమైన బొట్యులిజం జబ్బు రావచ్చు. నూనె పెట్టి స్నానం చేయించడం ముచ్చటే గాని, ముక్కులో చెవిలో నూనె పోయకూడదు. సాంబ్రాణి పొగ పాప ఉన్న గదిలో వద్దు. డాక్టరు రాసే విటమిన్ డి చుక్కలు మాత్రం మరిచిపోకండి.

ఇవన్నీ అమ్మగారితో ఎలా చెప్పాలన్నది వీటన్నిటికంటే కష్టమైన పని. ఆవిడ భయం ఏమిటో ఒకసారి ఆలోచించండి. మూడో నెలో ఐదో నెలో మిమ్మల్ని అత్తగారింటికి సాగనంపేటప్పుడు, పిల్ల చిక్కిందనో, తల్లికి జబ్బు చేసిందనో, పుట్టింటివాళ్ళు సరిగా చూడలేదన్న మాట ఎక్కడ పడుతుందోనని ఆవిడ బెదురు. మీ అత్తగారు ఫోనులో అన్న ప్రతి మాటా మీకంటే ముందు ఆవిడకే తగులుతోంది. అందుకని మీరు వాదించకండి. డాక్టరు దగ్గరకు ఆవిడనూ తీసుకువెళ్ళి, పెరుగు గురించి, పప్పు గురించి ఆవిడ ఎదుటే అడగండి, వీలైతే కాగితం మీద రాయించండి. ఇంటికి వచ్చాక పాప రోజుకు ఎన్నిసార్లు ఒంటికి పోసుకుంటోందో లెక్కపెట్టే పని ఆవిడకే అప్పగించండి. ఆరుసార్లు, అంతకు మించి గుడ్డలు తడిస్తే పాలు అందుతున్నట్టే. ఆ తడిగుడ్డలు చెప్పినంత నమ్మకంగా మీరూ నేనూ చెప్పలేం.

మీవారితో మాట్లాడవలసింది వేరే ఉంది. మన ఇళ్ళలో అల్లుడు అత్తవారింటికి వస్తే కుర్చీ వేసి కాఫీ ఇచ్చి, పాపను పొత్తిళ్ళలో చూపించి, మర్యాదగా పంపేస్తారు. బాలింత గదిలో ఆయనకు పని ఉండదు, పని ఇవ్వడం మీ అమ్మగారికీ మొహమాటమే. ఈసారి ఆయన అల్లుడిగా కాక పాప తండ్రిగా రావాలి. రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి, డాక్టరు గదిలో మీ పక్కన కూర్చోవాలి. రాత్రి పాప తాగాక త్రేన్పించి నిద్రపుచ్చే పని ఆయన చేయాలి. తన తల్లితో ఫోనులో, పిల్ల బరువు బాగానే పెరుగుతోందని, ఇక ఆ మాట ఎత్తవద్దని ఆయనే చెప్పాలి. ఆ మాట కోడలు చెబితే ఎదురు చెప్పినట్టవుతుంది, కొడుకు చెబితే కబురవుతుంది. ఆయన రోజూ వీడియోలో మొదట అడిగే ప్రశ్న పాప పాలు తాగిందా అన్నదే అయితే, రెండో ప్రశ్నగా నువ్వు ఎంతసేపు నిద్రపోయావు అని అడగమనండి.

ఉద్యోగం గురించి మీరు రాయలేదు గాని, చేస్తూ ఉంటే ఒక మాట. అర్హత ఉన్నవారికి మొదటి రెండు కాన్పులకు చట్టప్రకారం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది కనుక, ఆఫీసు కోసం ఇప్పుడే సీసా అలవాటు చేయాలన్న తొందర వద్దు.

పదో వారంలో పాపకు తరువాతి టీకాలు ఉంటాయి. ఆ రోజు పాపను త్రాసులో పెట్టాక మీరూ కూర్చుని, మీ బీపీ, మీ రక్తం, మీ నిద్ర గురించి కూడా చూడమని అడగండి. కానీ మీ డాక్టరును కలవడానికి మాత్రం పదో వారందాకా ఆగవద్దు, ఈ వారమే వెళ్ళండి.