టెక్ సందేహాలు: హార్డ్‌డిస్క్ మార్పించారు సరే, పాతది ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: మా ఇంట్లో 2014లో కొన్న ఆలిన్‌వన్ డెస్క్‌టాప్ (తెర వెనకే కంప్యూటరంతా ఇమిడి ఉండేది) ఉంది. విండోస్ 10 నడుస్తోంది. ఈమధ్య ఆన్ చేస్తే పది నిమిషాల దాకా ఏమీ తెరుచుకోవడం లేదు. లోపల్నుంచి అప్పుడప్పుడూ టిక్కుమని చప్పుడు వస్తోంది. షాపులో చూపిస్తే హార్డ్‌డిస్క్ పోతోందన్నారు. ‘ఎస్ఎస్‌డీ వేసి విండోస్ ఎక్కిస్తాం, సిస్టమ్ వదిలి వెళ్లండి, పాస్‌వర్డ్ రాసివ్వండి’ అంటున్నారు. అమెరికాలో చదువుతున్న మా అమ్మాయి కాగితాలు, ఇంటి ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంత పాతదానికి డబ్బు పెట్టొచ్చా? - ఒంగోలు నుంచి ఓ పాఠకుడు

జవాబు: పెట్టొచ్చు. తెర, మదర్‌బోర్డు బాగుంటే ఆ వయసు యంత్రాన్ని చతికిలబడేసేది చాలాసార్లు హార్డ్‌డిస్కే. తిరిగే డిస్క్ సెకనుకు వంద నుంచి రెండు వందల ఎంబీ చదివితే గొప్ప, అదీ ఫైళ్లు వరసగా ఉంటేనే. తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీ, మామూలు సాటా రకమైనా, ఐదు వందల దాకా చదువుతుంది. బోర్డు మీద డిస్క్‌ను తగిలించే చోట పాత సాటా-2 పోర్టు ఉంటే ఆ వేగం సగానికి పడిపోతుంది, అయినా తేడా మొదటి రోజే తెలుస్తుంది.

ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంది. ఊరు మారుతుంది, మోడల్ మారుతుంది, షాపువాళ్ల మాట మాత్రం మారదు: వదిలి వెళ్లండి, పాస్‌వర్డ్ రాసివ్వండి. రాసేవాళ్లంతా ఖర్చెంతవుతుందనే అడుగుతున్నారు. తీసేసిన పాత డిస్క్ ఎక్కడికి పోతుందని ఎవరూ అడగడం లేదు. నా భయమంతా దాని గురించే.

ముందు డేటా సంగతి చూద్దాం. సిస్టమ్ ఇప్పుడు ఆన్‌లో ఉంటే ఆపేయండి. చదవలేని సెక్టర్ (డేటా దాచే చిన్న గడి) తగిలినప్పుడు డిస్క్ అక్కడే ఆగి మళ్లీమళ్లీ ప్రయత్నిస్తుంది, విండోస్ దానికోసం కాచుకుని కూర్చుంటుంది. మీ పది నిమిషాలు అలాగే పోతున్నాయి. టిక్కు టిక్కుమనే చప్పుడు ఆగకుండా వస్తుంటే డిస్క్‌ను చదివే హెడ్ తన చోటు పట్టుకోలేకపోతోందని అర్థం. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు, కరెంటు తీసేసి డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వాల్సిందే. మీరు అప్పుడప్పుడూ అన్నారు కాబట్టి ఇంకా కొంత వ్యవధి ఉండొచ్చు. ఒక్కసారి మాత్రం ఆన్ చేసి, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 05, సి5, సి6 అనే మూడు వరసలు చూడండి. 05లో ఉన్నవి ఇప్పటికే పాడై, వేరే సెక్టర్లతో భర్తీ అయినవి. సి5వి చదవడానికి మొరాయిస్తున్నవి. సి6వి ఇక చదవడం కుదరదని తేలినవి. ఆ అంకెలు మామూలుగా పదికి బదులు పదహారు లెక్కన సాగే హెక్సాడెసిమల్‌లో ఉంటాయి, అక్కడ 10 అని కనిపిస్తే అది పదహారు. సి5 పెరుగుతూ పోతుంటే ఇక ఆలస్యం చేయొద్దు. విండోస్ ఎక్కడో ‘డిస్క్ ఓకే’ అని చూపించిందని ధీమా పడొద్దు.

షాపుల్లో మొట్టమొదట చేసే పని విండోస్‌లోని చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ (chkdsk /r) అనే ఆదేశం నడపడం. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే సాధనం, చచ్చిపోతున్న డిస్క్‌కి మందు కాదు. డిస్క్ మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చదివించి, మిగిలిన ఊపిరి కూడా తీసేస్తుంది. చదవలేని చోట్ల ఫైళ్లను కత్తిరించేస్తుంది కూడా. ముందు కాపీ తీయాలి, ఆ తర్వాతే ఏ ప్రయోగమైనా. విండోస్‌కి బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో వేరే డిస్క్‌లోకి కాపీ తీయమని అడగండి. అది తేలిగ్గా వచ్చే భాగాలను ముందు లాగేస్తుంది, మొండికేసేవాటిని చివరికి వదిలిపెడుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటికి రాదు. ఆ పేరే వినలేదన్న షాపుకి మీ అమ్మాయి కాగితాలు అప్పగించకండి.

ఇక విప్పడం. మామూలు కేబినెట్‌లో హార్డ్‌డిస్క్ మార్చడం నాలుగు స్క్రూల పని. ఆలిన్‌వన్‌లలో కొన్నిటికి వెనక మూత తీస్తే సరిపోతుంది. కొన్నిటికి తెర అద్దాన్నే జిగురు టేపుతో అంటించేశారు. ఆ టేపును పలచటి పరికరంతో చుట్టూ కోయాలి, అద్దాన్ని కాస్త ఎత్తి తెర కేబుల్, బ్యాక్‌లైట్ కేబుల్ తెగకుండా ఊడదీయాలి, పనయ్యాక కొత్త టేపు వేసి అతికించాలి. కేబుల్ తెగితే తెర పోతుంది, అద్దం పగిలితే రిపేరు ఖర్చుకి ఇంకో సిస్టమ్ వస్తుంది. హార్డ్‌డిస్క్ అరిగిపోయే వస్తువని దాన్ని బిగించిన ఇంజనీర్‌కి తెలుసు. తెలిసి కూడా అద్దం వెనక పూడ్చిపెట్టడం వాడేవాళ్ల మీద లెక్కలేనితనమే. బల్ల మీద నుంచి కదలని యంత్రం సన్నగా ఉంటే ఎవరికి ఒరిగేదేమిటి? ఈ డిజైన్ వల్ల అసలు నష్టం రిపేరు ఖర్చు కూడా కాదు. డిస్క్ ఊడదీసి ఇంట్లో ఉంచుకుని, ఖాళీ యంత్రాన్ని షాపుకి పట్టుకెళ్లే వీలు మనకు లేకుండా పోయింది. ఇల్లు మొత్తం అందులో ఉండగానే తెలియనివాళ్ల చేతిలో పెట్టి రావాల్సి వస్తోంది.

మీ డిస్క్‌లో ఏమేం ఉంటాయో ఒక్కసారి తలచుకోండి. ఆధార్, పాన్ స్కాన్‌లు, పట్టాదారు పాస్‌బుక్ కాపీ, అమ్మాయి పాస్‌పోర్టు, అమెరికా యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం, విద్యారుణం కోసం ఇచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు. ఒక మనిషి పేరు మీద దొంగ అప్పు పుట్టించడానికి ఇంతకన్నా ఏం కావాలి? క్రోమ్, ఎడ్జ్ లాంటి బ్రౌజర్‌లలో దాచుకున్న పాస్‌వర్డ్‌లను మీ విండోస్ లాగిన్ పాస్‌వర్డే కాపాడుతుంది. అసలు పాస్‌వర్డ్ పెట్టకపోయినా, పెట్టి షాపువాళ్లకి చీటీ మీద రాసిచ్చినా ఆ కాపలా లేనట్టే.

‘డిస్క్ పాడైపోయింది కదా, అందులో ఏముంటుంది’ అనుకోవడం పెద్ద పొరపాటు. విండోస్ ఎక్కనంత మాత్రాన ఫైళ్లు చెరిగిపోవు. కొన్ని వందల సెక్టర్లు పోయిన డిస్క్‌లో మిగతా కోట్ల సెక్టర్లు భద్రంగానే ఉంటాయి, మీ కాగితాలు బయటికి తీయడానికి పైన చెప్పిన డీడీరెస్క్యూ చాలు. మనకు పనికొచ్చే సాధనం దొంగకీ పనికొస్తుంది. క్విక్ ఫార్మాట్ కూడా ఫైళ్ల పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది, లోపలి సరుకు అలాగే ఉంటుంది.

అందుకని బేరం ఆడేటప్పుడే చెప్పండి: పాత డిస్క్ నా చేతికివ్వాలి. ఎస్ఎస్‌డీ ధరలో కొంత తగ్గిస్తాం, పాతది మాకు వదిలేయండి అంటే ఒప్పుకోవద్దు. ముందే డిస్క్ మీది సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి. అద్దం వెనక ఉన్నా ఆ నంబరు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలోనే కనిపిస్తుంది. తిరిగిచ్చిన డిస్క్ మీద అదే నంబరు ఉందో లేదో సరిచూసుకోండి. కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, మీ ఊరి సందులోనైనా ఇది మీ హక్కు. వారంటీ ఉన్న డిస్క్ విషయంలో చిక్కు ఇంకొకటుంది: కొత్తది ఇవ్వాలంటే కంపెనీ పాతది పుచ్చుకుంటుంది. బిట్‌లాకర్ లాంటి ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లేనివాళ్లు డేటా చదవలేకుండా చేసే ఏర్పాటు) లేని డిస్క్ అయితే నేను ఆ వారంటీ వదులుకోమనే చెబుతాను.

చేతికొచ్చాక, డిస్క్ ఇంకా రాయనిస్తుంటే దాన్ని వేరే కంప్యూటర్‌కి కలిపి విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే సాధనంలో క్లీన్ ఆల్ ఆదేశం ఇవ్వండి, ఆసాంతం సున్నాలతో నింపుతుంది. ఆదేశం ఇచ్చేముందు ఎంచుకున్నది పాత డిస్కేనా అని రెండుసార్లు చూడండి. రాయనివ్వకపోతే పగలగొట్టడమే. పైనున్న సర్క్యూట్ బోర్డు విరగ్గొట్టి సరిపెట్టుకోవద్దు, బోర్డు మార్చి చదివేవాళ్లున్నారు. లోపలి పళ్లేలకు డ్రిల్లింగ్ మెషీన్‌తో అడ్డంగా రంధ్రాలు పడాలి. చిన్న సైజు డిస్కుల్లో పళ్లేలు ఎక్కువగా గాజువి, పెంకులుగా చిట్లుతాయి, కాబట్టి మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. మిగిలిన తుక్కు ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

ఇంకో మాట, విండోస్ గురించి. ‘విండోస్ ఎక్కిస్తాం’ అంటే చాలా చోట్ల క్రాక్ చేసిన కాపీయే. దాన్ని యాక్టివేట్ చేసే ప్రోగ్రామ్ నడవడానికి యాంటీవైరస్‌ను ముందే ఆపేస్తారు, ఆ తలుపులోంచి ఇంకేం దూరిందో మీకు ఎప్పటికీ తెలియదు. మీకు ఆ అవసరమే లేదు. ఇప్పటికే సక్రమంగా యాక్టివేట్ అయిన విండోస్ 10 లైసెన్స్ ముడిపడి ఉండేది మదర్‌బోర్డుతో. డిస్క్ మార్చాక అదే ఎడిషన్‌ను అధికారిక ఫైల్‌తో ఎక్కించి ఇంటర్నెట్‌కి కలిపితే తనంతట తాను యాక్టివేట్ అవుతుంది. కాకపోతే విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది, పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా గడువిచ్చారు. 2014 ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. అప్‌డేట్లు ఆగిన విండోస్‌తో బ్యాంకు పని చేయొద్దు. లైనక్స్ మింట్ వేసుకుంటే ఎస్ఎస్‌డీ మీద ఈ యంత్రం ఇంకా కొన్నేళ్లు హాయిగా నడుస్తుంది.

ప్రశ్న: ఆలిన్‌వన్‌లో ఎస్ఎస్‌డీ వేయించాను. అప్పట్నుంచి ఫ్యాన్ పూర్తి వేగంతో మోత పెడుతోంది. ఎస్ఎస్‌డీయే చెడ్డదా? - నిజామాబాద్ పాఠకురాలు

జవాబు: ఎస్ఎస్‌డీ తప్పు కాదు. కొన్ని మోడళ్లలో హార్డ్‌డిస్క్ వేడిని కొలిచేందుకు ప్రత్యేకమైన వైరో, డిస్క్‌లోనే ప్రత్యేక ఫర్మ్‌వేరో (డిస్క్‌ను నడిపే లోపలి ప్రోగ్రామ్) పెట్టారు. కొత్త డిస్క్ నుంచి ఆ సంకేతం రాకపోతే యంత్రం వేడెక్కిపోతోందనుకుని ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతుంది. మార్చినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి మీ మోడల్‌కి సరిపడే సెన్సర్ కేబుల్ వేయమనండి. దొరక్కపోతే ఫ్యాన్ వేగాన్ని ప్రాసెసర్ వేడిని బట్టి నడిపే సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు. ఫ్యాన్ వైరు మాత్రం పీకించకండి. ఎలాగూ అద్దం తీయిస్తున్నారు కాబట్టి మదర్‌బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ కూడా మార్పించండి, మీ పాత డిస్క్ ఇంకా ఆ షాపులోనే ఉంటే తెచ్చేసుకోండి.