ఎన్‌హెచ్‌ఎస్‌లో స్పెషలిస్ట్ ఫిజియోథెరపిస్ట్ ఉద్యోగం: అప్పు చేయక ముందే తెలుసుకోవలసిన సంగతులు

కరీంనగర్ నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఆమె ఫిజియోథెరపీ డిగ్రీ అయిన బీపీటీ పూర్తిచేసి మూడేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. ఇంగ్లాండులోని ప్రభుత్వ వైద్యసేవలో, అంటే ఎన్‌హెచ్‌ఎస్‌లో, స్పెషలిస్ట్ ఫిజియోథెరపిస్టుగా చేరాలంటే ఏయే అర్హతలు ఉండాలని, అందుకోసం ముందుగా ఇంగ్లాండు వచ్చి ఎమ్మెస్సీ చేయడం మంచిదేనా అని అడిగారు. ఫీజు కోసం వాళ్ల నాన్నగారు ఊరి చివర ఉన్న రెండు వందల గజాల స్థలాన్ని అమ్మడానికి సిద్ధపడ్డారని చివర్లో ఒక్క వాక్యం రాశారు. ఆ వాక్యం చదివాక రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు.

అమ్మా, ముందుగా నిబంధనల మాట క్లుప్తంగా చెబుతాను. నేను పనిచేస్తున్న ఈ బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్ట్ అన్న పేరు పెట్టుకోవాలంటేనే హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థలో నమోదు కావాలి. నమోదు లేకుండా ఆ పేరు వాడుకోవడం చట్టరీత్యా నేరం. మనవంటి వారికి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లిషు పరీక్షలో మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా రావాలి. స్పెషలిస్టులకు వేరే రిజిస్టరు ఏదీ లేదు. స్పెషలిస్ట్ అనేది ఉద్యోగపు అంతస్తు మాత్రమే: బ్యాండ్ అనే జీతపు శ్రేణుల్లో కొత్తగా చేరేవారిది బ్యాండ్ 5, స్పెషలిస్టుది బ్యాండ్ 6, ఆ పైన బృందాన్ని నడిపే హైలీ స్పెషలిస్టుది బ్యాండ్ 7. పత్రాల జాబితా, రుసుములు, వీసా షరతులు తరచుగా మారుతుంటాయి కనుక వాటిని ఆయా అధికారిక వెబ్‌సైట్లలోనే చూసుకోండి. అక్కడ కనబడని సంగతులే నేను చెబుతాను.

నేను తెనాలి నుంచి 2010 సెప్టెంబరులో వచ్చాను. గుంటూరులో బీపీటీ చేసి, ఎముకల ఆసుపత్రిలో ఏడాదిన్నర పనిచేశాను. ఇక్కడ ఒక విశ్వవిద్యాలయంలో ఫిజియోథెరపీ ఎమ్మెస్సీ చేస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో నేరుగా పెద్ద ఉద్యోగం వస్తుందని కన్సల్టెన్సీ ఆయన మా ఇంటికి వచ్చి, మా నాన్నగారి ఎదుట కూర్చుని చెప్పాడు. ఆ ఎమ్మెస్సీకి ఫిజియోథెరపిస్టుగా పనిచేసే హక్కు ఇచ్చే శక్తి ఉందా అని మేము అడగలేదు. అడగాలన్న సంగతే మాకు తెలియదు. ఇల్లు బ్యాంకుకు తనఖా పెట్టి, 12.5 శాతం వడ్డీకి 11 లక్షల విద్యారుణం తీసుకున్నాము. విమానం టిక్కెట్టుకూ మొదటి రెండు నెలల ఖర్చులకూ అమ్మ తన నాలుగు గాజులు, నల్లపూసల గొలుసు కుదువ పెట్టింది. అప్పట్లో పౌండు 70 రూపాయల చుట్టుపక్కల ఉండేది. వడ్డీ ఒక్కటే నెలకు 11 వేల పైచిలుకు అయ్యేది.

చదువు మొదలైన ఐదో నెలలో, ఉద్యోగాలకు దరఖాస్తు చేద్దామని విశ్వవిద్యాలయంలోని ఉద్యోగ సలహా విభాగానికి వెళ్లాను. అక్కడ కూర్చున్న పెద్దావిడ నా కాగితాలన్నీ ఓపికగా చూసి, రిజిస్ట్రేషన్ సంఖ్య రాయవలసిన గడి దగ్గర వేలు పెట్టి, ఇది ఏదని అడిగింది. నా దగ్గర లేదు. నేను చేస్తున్న ఎమ్మెస్సీ అప్పటికే నమోదైన ఫిజియోథెరపిస్టులు తమ విద్యను పెంచుకోవడానికి చేసేదని, దాంతో నమోదు రాదని, నమోదు ఇచ్చే కోర్సులు వేరే ఉన్నాయని, వాటిని నియంత్రణ సంస్థ ఆమోదించి ఉండాలని ఆ రోజు ఆమె చెబితే తెలిసింది. ఇంకో సంగతి నన్ను మరీ కుంగదీసింది. నా బీపీటీ ఆధారంగా నేను గుంటూరులో ఉండగానే, కొన్ని వందల పౌండ్ల రుసుము కట్టి, నేరుగా నమోదుకు దరఖాస్తు చేసుకోగలిగేదాన్నట. అక్కడే తేలిపోవలసిన పనికి 11 లక్షల అప్పు తలకెత్తుకుని ఇంత దూరం వచ్చానన్నమాట. ఈ మాట ఇంట్లో చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది.

అమ్మా, మీరూ అదే మలుపులో నిలబడి ఉన్నారు. మీరు పేరు రాసి పంపిన ఎమ్మెస్సీ కూడా నమోదు ఇచ్చేది కాదు; ఆ కోర్సులో చేరాలంటే ముందే ఫిజియోథెరపీ పట్టా ఉండాలన్న షరతు చూడగానే ఆ సంగతి గుర్తుపట్టవచ్చు. నమోదు ఇచ్చే ఎమ్మెస్సీ సాధారణంగా రెండేళ్లది, వేరే డిగ్రీ చదివి ఫిజియోథెరపీలోకి కొత్తగా వచ్చేవారి కోసం పెట్టినది. విదేశీ విద్యార్థులకు ఏడాది ఫీజు ఇప్పుడు చాలాచోట్ల 15 వేల పౌండ్లు దాటుతోంది. పౌండుకు వంద రూపాయలని తక్కువలో వేసుకున్నా 15 లక్షలు. నిజానికి పౌండు వంద ఎప్పుడో దాటింది. తిండి, అద్దె ఇందులో కలపలేదు.

నమోదు దరఖాస్తులో నేను చేసిన రెండో తప్పు కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన దగ్గర చదివిన వారందరికీ ఎదురయ్యేదే. 2011 మార్చిలో దరఖాస్తు పంపాను. ఆ సంస్థను అప్పట్లో హెచ్‌పీసీ అనేవారు, 2012లో పేరు మారింది. రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. శ్వాసకోశ రోగులతో, నాడీ సంబంధ రోగులతో నేను ఎంతకాలం, ఏ స్థాయి పర్యవేక్షణలో పనిచేశానో చూపించమన్నారు. మా కళాశాల ఇచ్చిన ధ్రువపత్రంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ సంతృప్తికరంగా పూర్తి చేసిందన్న ఒకే ఒక్క పంక్తి ఉంది. ఏ వార్డులో ఎన్ని వారాలు, ఎందరు రోగులు, ఎవరి పర్యవేక్షణ అన్న వివరం లేదు. ఇక్కడి విద్యార్థులు పట్టా పుచ్చుకునేలోగా దాదాపు వెయ్యి గంటలు రోగుల దగ్గర పనిచేస్తారు, ఆ గంటలన్నీ సంతకాలతో సహా నమోదై ఉంటాయి.

మా నాన్నగారు తెనాలి నుంచి గుంటూరుకు బస్సులో నాలుగుసార్లు తిరిగారు. మా విభాగాధిపతి అప్పటికే పదవీ విరమణ చేసి నరసరావుపేట వెళ్లిపోయారు. అదృష్టవశాత్తు ఆసుపత్రి స్టోరు గదిలో పాత పోస్టింగు రిజిస్టరు దొరికింది. చెదలు అంచులు తినేసిన ఆ పెద్ద పుస్తకంలో నా పేరు ఎదురుగా ఛాతీ వార్డులో ఐదు వారాలు, న్యూరాలజీలో ఆరు వారాలు అని సిరాతో రాసి, పక్కన పొట్టి సంతకం ఉంది. నాన్నగారు ఆ పుటలను జిరాక్స్ తీయించి, నరసరావుపేట వెళ్లి సారుతో వివరంగా ఉత్తరం రాయించుకుని, ప్రిన్సిపల్ ముద్ర వేయించి కొరియర్ చేశారు. 2011 నవంబరులో నమోదు వచ్చింది. ఆ రిజిస్టరు దొరకకపోయి ఉంటే పర్యవేక్షణలో మళ్లీ శిక్షణ కాలం పూర్తిచేయమనేవారు, అది ఇచ్చే ఆసుపత్రిని నేనే వెతుక్కోవలసి వచ్చేది. కనుక మీరు రేపే కళాశాలకు వెళ్లి, సిలబసు పూర్తి ప్రతిని, విభాగాల వారీగా ఇంటర్న్‌షిప్ వారాలను ముద్రతో తీసుకోండి. ప్రిన్సిపల్ మారిపోక ముందే, పాత గుమాస్తా ఉండగానే ఈ పని కావాలి.

ఆ మధ్యకాలమంతా వృద్ధుల సంరక్షణ గృహంలో వారానికి 20 గంటలు పనిచేశాను. అప్పటి కనీస వేతనం గంటకు 5.93 పౌండ్లు. వారం కూలి 118 పౌండ్లు, అంటే సుమారు 8,300 రూపాయలు. ప్రతి శుక్రవారం ఆ మొత్తాన్ని కాగితం మీద రాసి, గది అద్దె తీసేసి, మిగిలినదాన్ని వడ్డీతో పోల్చి చూసుకునేదాన్ని. మీరు ఒంటరితనం గురించి కూడా ఒక మాట అడిగారు. ఆ రోజుల్లో నా దిగులంతా వడ్డీ చుట్టూనే తిరిగింది కనుక దాని గురించి నేను చెప్పగలిగింది చాలా తక్కువ.

ఇక స్పెషలిస్ట్ సంగతి. మన పిల్లలు చాలామంది ఎంపీటీ ఆర్థో, అంటే ఎముకల విభాగంలో ఫిజియోథెరపీ పీజీ, చేశాను కనుక నేను స్పెషలిస్టునే అని దరఖాస్తులో రాస్తున్నారు. వారి దరఖాస్తులు ఇప్పుడు నా బల్ల మీదికీ వస్తాయి. ఆ మాటకు ఇక్కడ విలువ తక్కువని మీకు ముందే చెప్పడం నా బాధ్యత. ప్రతి ఉద్యోగ ప్రకటనతో పాటు ఆ మనిషికి తప్పనిసరిగా ఉండవలసినవి, ఉంటే మంచివి అని రెండు వరుసల పట్టిక ఇస్తారు. తప్పనిసరి వరుసలో ఉన్న ఒక్కొక్క అంశానికి మీ పనిలోంచి ఒక్కొక్క ఉదాహరణ చూపించాలి. బ్యాండ్ 6 పట్టికల్లో నమోదు, శ్వాసకోశ, నాడీ, ఎముకలు, వృద్ధుల వార్డుల్లో మార్చి మార్చి పనిచేసిన అనుభవం, ఆ విభాగంలో చేసిన చిన్న కోర్సులు, విద్యార్థులకూ సహాయకులకూ నేర్పిన అనుభవం ఉంటాయి. మాస్టర్స్ డిగ్రీ చాలాసార్లు రెండో వరుసలోనే ఉంటుంది. నేను 2012లో బ్యాండ్ 5లో చేరి, మూడేళ్లు వార్డులు మారుతూ, రాత్రిపూట ఐసీయూ నుంచి ఫోను వస్తే వెళ్లి కఫం తీసే ఆన్ కాల్ పని కూడా నేర్చుకున్న తరువాతనే పక్షవాత విభాగంలో బ్యాండ్ 6కు ఎదిగాను. ఆన్ కాల్‌కు వేరే డబ్బు వస్తుంది కనుక ఇతరులు వద్దన్న రాత్రులు కూడా నేనే తీసుకునేదాన్ని.

మొదటిసారి ఆ బ్యాండ్ 6 ఇంటర్వ్యూలో తప్పాను. ఎడమవైపు పక్షవాతం వచ్చిన 74 ఏళ్ల రోగికి ఏమి చేస్తావని అడిగితే, ఏ కండరానికి ఏ వ్యాయామం, ఏ యంత్రం ఎన్ని నిమిషాలు అని పరీక్షలో రాసినట్టు అప్పజెప్పాను. బృంద నాయకురాలు అంతా విని, ఆయనకు ఏం కావాలో అడిగావా అంది. ఆ తరువాత అచ్చం అలాంటి పెద్దాయనే నా చేతికి వచ్చాడు. ఆయన పెరట్లో పావురాల గూడు ఉంది, దాని దగ్గరికి వెళ్లాలంటే వంటింటి తలుపు దాటి మూడు మెట్లు దిగాలి. కుడిచేతి వైపు మాత్రమే కమ్మీ ఉంది, ఎక్కి వచ్చేటప్పుడు అది పక్షవాతం వచ్చిన ఎడమవైపు అవుతుంది. మా ఆరు వారాల చికిత్స అంతా ఆ మూడు మెట్ల కోసమే సాగింది. రెండోసారి ఇంటర్వ్యూలో ఆ మెట్ల గురించి చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

యంత్రాల మాట వచ్చింది కనుక మరొకటి. మన దగ్గర నడుము నొప్పి అనగానే విద్యుత్ ప్రవాహంతో పనిచేసే ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్, నడుమును లాగి పట్టే ట్రాక్షన్ పెడతాము. ఇక్కడ చికిత్సా మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ నడుము నొప్పికి ఆ మూడూ ఇవ్వవద్దని 2016లోనే స్పష్టంగా చెప్పింది. మీ దరఖాస్తులో ఆ యంత్రాల పేర్లు మొదటి పేరాలో ఉంటే చదివేవారికి మీరు ఈ పద్ధతికి కొత్త అని వెంటనే తెలిసిపోతుంది. నడిపించిన రోగుల గురించి, వారి ఇంటి పరిస్థితి తెలుసుకుని వేసిన ప్రణాళిక గురించి రాయండి.

ఇప్పుడు డబ్బు లెక్క. 2025-26లో ఇంగ్లాండులో బ్యాండ్ 5 జీతం ఏడాదికి 31,049 పౌండ్ల దగ్గర, బ్యాండ్ 6 జీతం 38,682 పౌండ్ల దగ్గర మొదలయ్యేది. 31 వేలంటే 31 లక్షలకు పైనే కదా అని మీ నాన్నగారు సంతోషపడతారు. కానీ పన్ను, జాతీయ బీమా, పెన్షన్ పోగా నెలకు చేతికి వచ్చేది 2,000 పౌండ్లకు కాస్త అటూ ఇటూ. అద్దె, ఇంటి మీద కౌన్సిల్ పన్ను, చలికాలపు గ్యాసు బిల్లు కట్టాక మిగిలినదానితోనే అప్పు తీరాలి. నేను ఒక చిన్న గదిలో ఆరేళ్లు ఉండి, 2016 డిసెంబరులో చివరి వాయిదా కట్టి ఇంటి కాగితాలు విడిపించాను. చేయగలిగానన్న తృప్తి ఉంది. కానీ అందులో సగానికి పైగా అసలు చేయనక్కరలేని అప్పు.

మాస్టర్స్ అనవసరమని నా ఉద్దేశం కాదు. బ్యాండ్ 7కూ ఆ పైకీ వెళ్లాలంటే ఆ స్థాయి చదువు కావాలి. అయితే ఉద్యోగంలో చేరిన తరువాత ఒక్కొక్క మాడ్యూలుగా చేయవచ్చు. చాలాసార్లు ఆసుపత్రిని నడిపే ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టే ఆ ఫీజు భరిస్తుంది, చదువుకోవడానికి రోజులు కూడా ఇస్తుంది. నా రెండో చదువు అలాగే, జేబులోంచి ఒక్క పౌండు తీయకుండా పూర్తయింది.

ఒక కష్టం మాత్రం దాచను. ఇటీవల ఇక్కడే చదివి వచ్చిన కొత్తవాళ్లకు కూడా బ్యాండ్ 5 ఉద్యోగాలు సులభంగా దొరకడం లేదు. నమోదు చేతికి రాగానే ఉద్యోగం వచ్చినట్టు కాదు, పది పన్నెండు దరఖాస్తులకు జవాబే రాకపోవచ్చు. అందుకే ఆ ఎదురుచూపు కరీంనగర్‌లో, జీతం వస్తూ ఉండగా గడపాలని గట్టిగా చెబుతున్నాను. ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగం ఇప్పిస్తామని, వీసాకు కావలసిన స్పాన్సర్‌షిప్ పత్రం తెప్పిస్తామని డబ్బు అడిగేవారితో అసలు మాట్లాడవద్దు. ఉద్యోగం కోరేవారి దగ్గర రుసుము తీసుకోరాదన్నది ఇక్కడి ప్రభుత్వ నియమావళిలోనే ఉంది. ఉద్యోగం ఖరారైతే ఆరోగ్య, సంరక్షణ సిబ్బందికి 2020 నుంచి ఇస్తున్న వీసా వస్తుంది, దానికి, ఇతర వీసాలవారు కట్టే వైద్య సర్‌ఛార్జి కట్టనక్కరలేదు. అది కూడా మిగిలే డబ్బే.

ఈ నెలలో కళాశాల పత్రాలు తెచ్చుకోండి. ఐఈఎల్‌టీఎస్ రాయండి, మనవాళ్లకు రాత విభాగంలోనే 6 దగ్గర ఆగిపోతుంది కనుక దానికి రెండు నెలలు కేటాయించండి. మీ ఆసుపత్రిలో ఎముకల విభాగం వదిలి పక్షవాతపు వార్డులో ఆరు నెలలు వేయమని అడగండి, రోజూ చూసిన రోగుల వివరం పేర్లు లేకుండా ఒక పుస్తకంలో రాసుకుని వారానికొకసారి పై అధికారి సంతకం తీసుకోండి. తరువాత నమోదుకు దరఖాస్తు చేయండి. అది చేతికి వచ్చేవరకు స్థలం బేరం పెట్టవద్దని, అడ్వాన్సు తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేయమని మీ నాన్నగారికి చెప్పండి.