కార్డు తిప్పకముందే మందు పేరు నోటికొస్తోందా?

ప్రశ్న: గుంటూరులో బీఫార్మసీ చేశాను. పెళ్లయ్యాక టెక్సాస్ వచ్చేశాం. ఎనిమిదేళ్ల గ్యాప్ తర్వాత ఇప్పుడు ఈఏడీ (అమెరికాలో పని చేసుకునే అనుమతి కార్డు) చేతికొచ్చింది కాబట్టి ఫార్మసీ టెక్నీషియన్ పరీక్ష పీటీసీఈ రాద్దామనుకుంటున్నాను. ఫోన్‌లో 1,200 ఫ్లాష్‌కార్డుల సెట్ డౌన్‌లోడ్ చేసుకుని రెండు నెలలుగా తిప్పుతున్నాను. కార్డు చూస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, మాక్ టెస్టులో మాత్రం మార్కులు రావడం లేదు. పాప పడుకున్నాక నాకు దొరికేది ఒక్క గంట. కార్డులు మానేసి పుస్తకం పట్టుకోమంటారా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: మానేయొద్దమ్మా. కార్డుల్లో తప్పేం లేదు, ఆ సెట్ మీ కోసం చేసింది కాదు, అంతే. మందుల పేర్లు మొదటిసారి వింటున్న పిల్లల కోసం ఎవరో తయారు చేసిన సెట్ అది. మీరు నాలుగేళ్లు ఫార్మకాలజీ చదివొచ్చారు. మందులన్నీ మీ బుర్రలో ఉన్నాయి, కాకపోతే వేరే పేర్లతో ఉన్నాయి.

పోయినేడాది మీలాంటి ఒకమ్మాయితో వీడియో కాల్‌లో మాట్లాడాను. “ఆల్బ్యుటెరాల్ దేనికి వాడతారు?” అంటే ఆలోచనలో పడింది. “ఆస్థాలిన్ ఇన్‌హేలర్‌లో ఉండే మందేంటి?” అని అడిగానో లేదో, “సాల్బుటమాల్ సర్, ఆస్తమాకి” అంది. రెండూ ఒకటే మందు! ఆ సంగతి చెప్పగానే తన ముఖంలో టెన్షన్ సగం తగ్గింది. మన దగ్గర పారాసిటమాల్ అనేదాన్ని అక్కడ అసిటమినోఫెన్ అంటారు. గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యురైడ్, పెథిడిన్ మెపెరిడిన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, లిగ్నోకైన్ లిడోకైన్. బ్రాండ్లూ అంతే. ఇక్కడి డోలో, థైరోనార్మ్ అక్కడ టైలినాల్, సింథ్రాయిడ్ అవుతాయి. పాత పేరు మీకు గట్టిగా పాతుకుపోయి ఉంది కాబట్టి కొత్త పేరు నిలవడం లేదు. పాత పేరును మర్చిపోనక్కర్లేదు, దానికే కొత్త పేరును ముడి వేయండి.

కాబట్టి డౌన్‌లోడ్ చేసిన సెట్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టి, మీ సొంత కార్డులు మొదలుపెట్టండి. ముందువైపు సాల్బుటమాల్, వెనక ఆల్బ్యుటెరాల్. ముందువైపు జెస్ట్రిల్, వెనక లిసినోప్రిల్. ప్రతి కార్డునూ తిరగేసి కూడా అడిగేలా పెట్టుకోండి, పరీక్షలో ప్రశ్న ఎటువైపు నుంచైనా రావచ్చు. యాంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో ఆ ఏర్పాటు ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ అది ఉచితం, ఐఫోన్‌లో అయితే డబ్బు పెట్టి కొనాలి.

ఒక కార్డులో ఒక్క ప్రశ్నే ఉండాలి. రెడీమేడ్ సెట్లలో లిసినోప్రిల్ కార్డు తిప్పితే బ్రాండు, తరగతి, వాడకం, సైడ్ ఎఫెక్టులు అన్నీ కుప్పగా కనిపిస్తాయి. వాటిలో రెండు గుర్తొస్తే చాలు, మొత్తం వచ్చినట్టు అనిపిస్తుంది. దాన్ని నాలుగు కార్డులుగా విడగొట్టండి. ‘ప్రిల్’తో ముగిసే మందులకు పొడిదగ్గు ఎందుకొస్తుందో మీరు చదివే ఉంటారు, అది ఒక కార్డు. పేర్ల చివర్లు బాగా సాయం చేస్తాయి కానీ మోసమూ చేస్తాయి. ‘ప్రజోల్’ అనగానే ఎసిడిటీ మందు అనుకుంటాం, ఆరిపిప్రజోల్ మాత్రం మానసిక వైద్యంలో వాడేది. ఇలాంటివి ఎదురైనప్పుడల్లా ఒక కార్డు రాసుకోండి. హైడ్రాక్సిజీన్, హైడ్రాలజీన్ జంటకు తప్పకుండా ఉండాలి. మొదటిది దురదకు, రెండోది బీపీకి. కౌంటర్ దగ్గర ఈ రెండూ తారుమారైతే ఇబ్బందిపడేది రోగి. పరీక్షలో పేషెంట్ సేఫ్టీకి అంత పెద్ద వాటా ఇచ్చింది అందుకే.

ఇక తిప్పే పద్ధతి. మీకు “తెలిసినట్టే” ఉంటోందన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీరు కార్డు తిప్పి చదువుతున్నారు కానీ జవాబు బయటకు లాగడం లేదు. ఇకపై జవాబు నోటితో పలికాకే తిప్పండి. పాప నిద్ర లేస్తుందనుకుంటే కాగితం మీద రాయండి. రాకపోతే మొహమాటపడకుండా ‘మళ్లీ’ అనే బటన్ నొక్కండి.

చట్టం విషయంలోనూ ఇక్కడి జ్ఞాపకం అడ్డొస్తుంది. షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ అని మనం చదివినవి అక్కడ పనికిరావు. అమెరికాలో కంట్రోల్డ్ మందులకు, అంటే అలవాటుగా మారి దుర్వినియోగమయ్యే ప్రమాదం ఉన్నవాటికి, ఒకటి నుంచి ఐదు దాకా షెడ్యూళ్లు. రెండో షెడ్యూల్ మందులకు రీఫిల్ (అదే చీటీ మీద మళ్లీ మందు ఇవ్వడం) ఉండదు. మూడు, నాలుగు షెడ్యూళ్లకు ఆరు నెలల్లో ఐదు రీఫిల్స్ దాకా ఇవ్వొచ్చు. జలుబుకు వాడే సూడోఎఫెడ్రిన్ ఒక మనిషికి రోజుకు 3.6 గ్రాములకు మించి అమ్మకూడదు. కంట్రోల్డ్ మందుల దొంగతనం జరిగితే డీఈఏ (అక్కడి మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ) ఫారం 106, రెండో షెడ్యూల్ మందులు తెప్పించాలంటే ఫారం 222. ఇవన్నీ కార్డుల కోసమే పుట్టినట్టుంటాయి.

లెక్కలు మాత్రం కార్డులతో రావు. ఒక ఉదాహరణ చూడండి. 10 మిల్లీలీటర్ల ఇన్సులిన్ వయల్, మిల్లీలీటరుకు 100 యూనిట్లు. రోగి పూటకు 15 యూనిట్ల చొప్పున రోజుకు రెండుసార్లు తీసుకుంటాడు. మొత్తం 1,000 యూనిట్లు, రోజుకు 30. అంటే 33 రోజులు వస్తుందని రాసేస్తాం. కానీ సాధారణంగా వాడే చాలా ఇన్సులిన్ వయల్స్ తెరిచాక 28 రోజులే వాడాలి, ఆ తర్వాత పారేయాలి. అలాంటి వయల్ అయితే జవాబు 28. కార్డులో ఉండాల్సింది ఆ 28 రోజుల నియమం ఒక్కటే. లెక్క మాత్రం పెన్నుతో, రోజూ వేరే అంకెలతో చేయాలి.

మీ గంటలో మొదటి పావుగంట పాత కార్డులకు, తర్వాత పది కొత్త కార్డులు రాసుకోవడానికి, మిగతాది లెక్కలకు. కొత్త కార్డులు పదికి మించొద్దు. ఈరోజు యాభై చేర్చుకుంటే వచ్చే వారం అవన్నీ ఒకేసారి మీద పడతాయి, అక్కడే చాలామంది వదిలేస్తారు. ఆదివారం మాక్ టెస్టు రాసి, తప్పిన ప్రశ్నల్ని మాత్రం కార్డులు చేసుకోండి. అసలు పరీక్షలో 90 ప్రశ్నలు, 110 నిమిషాలు. 1,000 నుంచి 1,600 మధ్య ఇచ్చే స్కోరులో 1,400 వస్తే పాస్.

“బీఫార్మసీ చేసి టెక్నీషియనా, ఫార్మసిస్టుకే రాయొచ్చుగా” అని ఇంట్లో ఎవరైనా అంటే బాధపడకండి. 2003 నుంచి పట్టా పొందినవాళ్లకు అక్కడ ఐదేళ్ల ఫార్మసీ కోర్సు తప్పనిసరి చేశారు, మన నాలుగేళ్ల డిగ్రీకి ఆ దారి మూసుకుపోయింది. అది మీ తెలివికి సంబంధించిన సంగతి కాదు. ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ మందుల దగ్గరికి వెళ్తున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది.

అప్లికేషన్ పెట్టే ముందు ఒకటి తేల్చుకోండి. ఈ పరీక్ష పెట్టే పీటీసీబీ సంస్థ గుర్తించిన శిక్షణ కోర్సైనా చేసుండాలి, లేదా ఫార్మసీలో 500 గంటల పని అనుభవమైనా చూపాలి. టెక్సాస్ ఫార్మసీ బోర్డులో ట్రైనీగా నమోదైతే ముందు పనిలో చేరి, ఆ గంటలు అక్కడే పూర్తి చేసుకోవచ్చు. ఫీజు కట్టడానికి తొందరపడొద్దు. అప్లికేషన్ ఆమోదం పొందాక 90 రోజుల్లో పరీక్ష రాయాల్సి ఉంటుంది కాబట్టి, రెండు ఆదివారాలు వరసగా మాక్ టెస్టులో మంచి మార్కులు వచ్చాకే కట్టండి.