బాబాయ్ షెడ్డు: తెలిసిన వాగే కదా అని దిగితే

ఈ నెల వచ్చిన ఉత్తరాలు సగానికి పైగా నీళ్లలో తడిసినవే. వాగులో కారు ఆగిందని ఒకరు, చప్టా మీద బండి కొట్టుకుపోబోయిందని ఒకరు, సెల్లార్లో మునిగిందని ఇంకొకరు. సరే, ఈసారికి మైలేజీ, టైర్ల ముచ్చట్లు పక్కన పెట్టి వీటికే జవాబు చెప్తా.

బాబాయ్, మా ఊరికీ మండలానికీ మధ్య చప్టా ఉంది, నా చిన్నప్పట్నుంచి దాటుతున్నదే. మొన్న వానకి నీళ్లు దాని మీద నుంచి పోతున్నాయి, మోకాలి లోపే ఉన్నాయి. నా ముందే ఒక ట్రాక్టర్ దాటింది, దాని వెనకే నా చిన్న కారు దించా. సగంలోకి వచ్చేసరికి వెనక భాగం పక్కకి జారడం మొదలైంది, బండి ఆగిపోయింది. ఊరోళ్లు తాడేసి లాగారు కాబట్టి బతికా. ఫస్ట్ గేర్లో రేస్ తగ్గకుండా కొట్టుంటే దాటేవాడినేనా? (డోర్నకల్ వైపు నుంచి ఒక పాఠకుడు)

అబ్బాయ్, ముందు ఆ తాడు పట్టుకున్నోళ్లకి మంచి భోజనం పెట్టించు, తర్వాత రేస్ గురించి మాట్లాడుకుందాం.

రేస్ ఎంత కొట్టినా దాటేవాడివి కాదు. ఎందుకంటే నీ బండి ఆగింది పవర్ చాలక కాదు, బరువు చాలక. లెక్క చూడు, చిన్న కారు బరువు ఏడొందల యాభై కిలోలు అనుకో. పొడుగు వెడల్పు కలిపి చూస్తే అడుగు భాగం దగ్గర దగ్గర 5 చదరపు మీటర్లు ఉంటది. నీళ్లు ఆ అడుగుని తాకిన తర్వాత ఒక్కో సెంటీమీటర్ పెరిగిన కొద్దీ బండిని 50 కిలోల చొప్పున పైకి లేపుతాయి. అంటే అడుగు తాకాక ఇంకో 15 సెంటీమీటర్లు వస్తే చాలు, బండి బరువు మొత్తం నీళ్ల మీదే. రోడ్డు నుంచి బండి అడుగు దాకా ఉండే ఎత్తు 16, 17 సెంటీమీటర్లు కలుపుకుంటే మొత్తం ముప్పై చిల్లర, అంటే అడుగు లోతు. నువ్వు మోకాలి లోపే అన్నావు చూడు, ఆ లోపే అంతా జరిగిపోద్ది. తలుపుల సందుల్లోంచి నీళ్లు లోపలికి వస్తాయి కాబట్టి పూర్తిగా తేలకపోవచ్చు, కానీ టైరుకి రోడ్డు మీద పట్టు ఉండదు. పట్టు లేని టైరు ఎంత తిరిగితే ఏం లాభం?

వెనక భాగమే ముందు ఎందుకు జారిందంటే, ఇంజిన్ బరువంతా ముందు ఉంటది, వెనక ఖాళీ డిక్కీ. ఆ వెనక భాగమే మొదట లేస్తది. లేచిన దాన్ని పక్క నుంచి వచ్చే నీళ్లు తోస్తాయి. ఆ తోపుడు కూడా నీళ్ల స్పీడు రెండింతలు అయితే రెండింతలు కాదు, నాలుగింతలు అవుద్ది. గట్టు మీద నిలబడి చూస్తే లోతు ఎంతో కొంత అంచనా వేస్తాం గానీ, ఈ స్పీడు మాత్రం కంటికి అందదు.

ఇంక ట్రాక్టర్ సంగతి. అది దాటింది కాబట్టి నువ్వూ దాటొచ్చు అనుకున్నావు, అందరూ చేసేది ఇదే. దాని ఇంజిన్ ఎక్కడుంది నీ ఇంజిన్ ఎక్కడుంది, దాని అడుగు కింద నుంచి నీళ్లు దారి చూసుకుని పోతాయి, నీది రేకు డబ్బా. అయినా ట్రాక్టర్ గొప్పదేం కాదు, ఆ వెనక పెద్ద టైర్ల నిండా గాలే కదా, లోతు పెరిగితే అదీ తేలుద్ది, ట్రాలీ ఉంటే ట్రాలీయే దాన్ని పక్కకి ఈడుస్తది. ట్రాలీలో కూలీలని ఎక్కించుకుని వాగు దాటించేవాళ్లని చూస్తే నాకు కడుపులో తిప్పేస్తది.

అసలు నిన్ను ముంచింది "చిన్నప్పట్నుంచి దాటుతున్నదే" అన్న మాట. కొత్తోడైతే బండి ఆపి, దిగి, నలుగురిని అడుగుతాడు. తెలిసినోడు అడగడు. చప్టా నీకు తెలుసు నిజమే, కానీ నీళ్ల కింద ఆ రోజు అది అలాగే ఉందని ఎవరు చెప్పారు? చప్టా కింద తూములు ఉంటాయి కదా, వాటికి గుర్రపు డెక్క, కొట్టుకొచ్చిన మొద్దులు అడ్డం పడితే నీళ్లు పై నుంచి పొర్లుతాయి. అలా పొర్లి అవతల వైపు పడే చోట మట్టి కోసుకుపోయి, కాంక్రీటు కింద డొల్ల అవుద్ది. పైకి చూస్తే ఎర్ర నీళ్లు సాఫీగానే పోతుంటాయి, కింద రోడ్డు సగం ఉండదు. ఇంకోటి, మీ ఊళ్లో వాన తగ్గింది కదా అని ధైర్యం వద్దు. మన వైపు చెరువులన్నీ గొలుసుకట్టు, పైన ఎక్కడో ఒకదానికి గండి పడితే కింది దాని మీద పడతది, అది తెగితే ఆ కిందిది. ఎండ కాస్తుండగానే వాగు పొంగడం నేను కళ్లారా చూశా.

నేను చెప్పడమే గానీ నేనూ తక్కువోడిని కాదు. లారీ తోలే రోజుల్లో వారానికి రెండు సార్లు దాటే వాగులోనే మిర్చి బస్తాల లోడుతో దిగబడ్డా. క్లీనర్ కుర్రాడు దిగి చూసొస్తా అన్నా వినలేదు. రాత్రంతా క్యాబిన్ పైన కూర్చున్నాం ఇద్దరం. పొద్దున ఓనరు గట్టు మీదకి వచ్చి నన్ను కాకుండా బస్తాల్ని చూసి ఏడ్చాడు.

బాబాయ్ గారూ, 2024 సెప్టెంబర్లో బుడమేరు వరదకి సింగ్ నగర్లో మా ఇంటి కింద కారు సీట్ల దాకా మునిగింది. నీళ్లు తగ్గాక మా అబ్బాయి సెల్ఫ్ కొట్టాడు, టక్ మని ఒక సౌండ్ వచ్చి ఆగింది. ఇంజిన్ పోయిందన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లు కొంతే ఇచ్చారు. ఆ సెల్ఫ్ కొట్టడం వల్లేనా? (విజయవాడ నుంచి ఒక గృహిణి)

అవునమ్మా, చాలా వరకు దాని వల్లే. అబ్బాయిని తిట్టకండి, పది మందిలో తొమ్మిది మంది అదే చేస్తారు.

ఇంజిన్లో పిస్టన్ పైకొచ్చి గాలిని నొక్కుద్ది. గాలి నొక్కితే నొక్కుకుంటది. ఎయిర్ ఫిల్టర్ దారిలో లోపలికి నీళ్లు పోయి కూర్చుంటే మాత్రం, నీళ్లు నొక్కుకోవు. పైకొచ్చే పిస్టన్ గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోద్ది, దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్ వంగుద్ది, ఒక్కోసారి విరిగి బ్లాకుని పగలగొట్టుకుని బయటికి వస్తది. ఆ టక్ సౌండ్ అదే. మునిగిన బండికి చేయాల్సింది బ్యాటరీ వైరు తీసేయడం, తాళం జోలికి పోకుండా టోయింగ్ బండి మీద ఎక్కించి షెడ్డుకి తోలడం. అక్కడ ప్లగ్గులు విప్పి (డీజిల్ అయితే ఇంజెక్టర్లు) నీళ్లు బయటికి తోలతారు, ఆయిల్ మార్చేస్తారు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉందంటే నీళ్లు కలిసినట్టే. గేర్ బాక్సు ఆయిల్ కూడా చూడమనండి, చాలామంది దాన్ని మర్చిపోతారు, ఆర్నెల్ల తర్వాత బేరింగులు అరుస్తాయి.

ఇన్సూరెన్స్ సంగతి కాస్త నిదానంగా చదవండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మన బండికి పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే వరద నష్టం అందులో వస్తది: సీట్లు, వైరింగు, అద్దాలు అన్నీ. కానీ నీళ్లు నిండిన ఇంజిన్ని తిప్పడం వల్ల పోయిందనుకోండి, అది వరద చేసింది కాదు మీరు చేసింది అంటారు. అందుకే ఇంజిన్ ప్రొటెక్షన్ అని వేరే కవర్ ఒకటి అమ్ముతారు, కొంచెం ఎక్కువ కట్టాలి. వాగుల పక్కన, పల్లపు కాలనీల్లో ఉండేవాళ్లు ఆ డబ్బుకి ఆలోచించొద్దు. జీరో డెప్ (మార్చిన పార్టులకి పాతబడిన తరుగు కోయకుండా డబ్బిచ్చే కవర్) ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు, అది వేరు ఇది వేరు. బండి మునిగినప్పుడు నీళ్ల గీత ఎంత దాకా ఉందో కనపడేట్టు ఫోటోలు తీసి, కదిలించక ముందే కంపెనీకి ఫోన్ చేయాలి. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద రాసి ఆ విలువ ఇస్తారు, అదొక్కోసారి రిపేరు చేయించుకోవడం కన్నా నయం.

బాబాయ్ గారూ నమస్తే. మా ఆయన ఫోన్లో మ్యాప్ ఎటు చూపిస్తే అటే. పోయిన వానాకాలం రాత్రి పూట దేవరకొండ వైపు నుంచి వస్తుంటే ఒక కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయి, పిల్లలు వెనక సీట్లో నిద్రపోతున్నారు, నేను వద్దంటున్నా పోనిచ్చారు. ఏమీ కాలేదు. కానీ ఏమీ కాలేదు కాబట్టి ఇంక నా మాట అసలు వినట్లేదు. (నల్గొండ నుంచి ఒక సోదరి)

అమ్మా, మీ చివరి మాట నేను రెండు సార్లు చదివా. ఒకసారి దాటడమే ప్రమాదం, మీరు భలే పట్టుకున్నారు.

మ్యాప్ సంగతి మీ ఆయనకి ఇలా చెప్పండి. 2024 మేలో హైదరాబాద్ నుంచి కేరళ చూడ్డానికి పోయిన నలుగురు, రాత్రి పూట ఆలప్పుళ పోతూ, కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర మ్యాప్ చూసుకుంటూ తిన్నగా కాలువలోకే దించేశారు. వానకి రోడ్డూ కాలువా కలిసిపోయి తేడా తెలియలేదు. నలుగురూ బయటపడ్డారు, బండి మునిగింది. మ్యాప్ కి దారి తెలుసు, నీళ్లు తెలియవు. రాత్రి అయితే హెడ్‌లైట్ వెలుగులో నీళ్లు కూడా తారు రోడ్డు లాగే మెరుస్తాయి.

ఈసారి ఆయన పోనిస్తా అంటే పోట్లాడకండి, "సరే, ముందు నువ్వు దిగి నడిచి చూసి రా" అనండి. పంచె ఎగ్గట్టి ఆ చలి నీళ్ల అంచున నిలబడగానే చాలామందికి జ్ఞానోదయం అవుద్ది. నిజంగా నడవనివ్వకండి, పారే నీళ్లు పిక్కల దాకా ఉన్నా మనిషిని పడేస్తాయి, అంచు దాకా పంపితే చాలు.

ఖర్మ కాలి ఎప్పుడైనా లోపల ఇరుక్కుంటే, కరెంటు పని చేస్తుండగానే అద్దాలు దించేయాలి, అదే మొదటి పని, ఫోన్ చేయడం కూడా తర్వాతే. బెల్టులు తీసి పిల్లల్ని ముందు కిటికీలోంచి బయటికి పంపాలి. తలుపుతో కుస్తీ పట్టొద్దు, బయట నీళ్ల ఒత్తిడికి అది తెరుచుకోదు. అద్దం దిగకపోతే సీటు పైన తల ఆనించేది పీకి, దాని ఇనప కడ్డీతో పక్క అద్దం మూల మీద కొట్టాలి. ముందు అద్దం పగలదు, అది రెండు పొరలు అతికించి చేసింది. గట్టు అందేంత దగ్గర్లో లేకపోతే బండి పైకి ఎక్కి 112కి కొట్టాలి. బ్యాగులు, లాప్‌టాప్ అన్నీ వదిలేయండి.

ఖమ్మంలో మున్నేరు వరదకి ప్రకాష్ నగర్ బ్రిడ్జి మీద ఇరుక్కున్న తొమ్మిది మందిని జేసీబీ పోయి తెచ్చింది కదా. అంటే బరువు బండి అయితే పర్లేదా? నాకు పది టైర్ల టిప్పర్ ఉంది. (కోదాడ)

ఆ తొమ్మిది మంది 2024 సెప్టెంబర్ 1న పొద్దున్నించి రాత్రి దాకా ఆ బ్రిడ్జి మీద ఉన్నారు. ఆ రోజు జేసీబీ వేసుకుని పోయిన డ్రైవర్ తన ప్రాణం పక్కన పెట్టి పోయాడు, నీ కంకర లోడు కోసం పోలేదు. జేసీబీ ఏడు టన్నుల పైన ఉంటది, తేలడానికి దానికి డబ్బా బాడీ లేదు. నీ టిప్పరు ఖాళీగా ఉంటే ఆ తొట్టే నీళ్లకి అడ్డం గోడ, లోడుతో ఉంటే డొల్ల పడిన చప్టా ఆ బరువుకి కూలుద్ది. ఎటైనా నష్టమే. 2021 నవంబర్ 19న అన్నమయ్య డ్యాం తెగి చెయ్యేరు మీద పడ్డప్పుడు రాజంపేట వైపు ఆర్టీసీ బస్సులే చిక్కుకుపోయాయి, జనం టాపు మీదకి ఎక్కారు, అయినా కొందరు దక్కలేదు. అవి నీ టిప్పరు కన్నా చిన్నవేం కాదు.

ఏటి ఇసుకలో కారు దిగబడితే ఏం చేయాలి బాబాయ్? (నెల్లూరు)

రేస్ కొట్టకు, కొట్టే కొద్దీ పూడుద్ది. టైర్లలో గాలి సగం తీసెయ్, చక్రాల ముందు ఇసుక చేత్తో తోడి కొబ్బరి మట్టలో, గోనె సంచులో, కాలి కింద పట్టాలో పరువు, స్టీరింగ్ తిన్నగా పెట్టి మెల్లగా క్లచ్ వదులు. బయటికి వచ్చాక గాలి కొట్టించుకోకుండా హైవే ఎక్కావో, అది ఇంకో ఉత్తరం అవుద్ది.

ఎలక్ట్రిక్ బండికి ఎయిర్ ఫిల్టర్ లేదు, సైలెన్సర్ లేదు, అంటే నీళ్లలో నడపొచ్చు కదా? (మియాపూర్)

ఇంజిన్ చెడే బాధ లేదు నిజమే. బ్యాటరీకి ఐపీ67 అని రాసి ఉంటది, అంటే మీటరు లోతు నిలవ నీళ్లలో అరగంట పెట్టి చూశారని, వాగులో కాదు. పైన డోర్నకల్ అబ్బాయికి చెప్పిన తేలే లెక్క దీనికీ అంతే, ఛార్జింగ్ ఎంతున్నా టైరు రోడ్డుని వదిలితే పడవే.

వాగు నీళ్లు లోపలికి వచ్చిన కారు, అన్నీ కడిగించా, సెంటు కొట్టించా, అయినా చేపల మార్కెట్ వాసన పోవట్లేదు. (ఏలూరు)

సెంటు ఆపు, రెండు వాసనలు కలిసి ఇంకా ఘోరం. సీట్లు బోల్టులు విప్పించి బయట పెట్టు, కింద కార్పెట్ పూర్తిగా పీకించు, దాని కింద స్పాంజి లాంటి మందపాటి పొర ఉంటది, వాసనంతా అందులోనే. మూడు రోజులు గట్టి ఎండ తగలాలి. ఏసీ గాలి వచ్చే దారిలో ఉండే ఫిల్టర్ మార్చెయ్. స్టెప్నీ గుంతలో మూత తీసి చూశావా? చూడలేదంటే ఇప్పుడే చూడు, మా షెడ్డుకి వచ్చిన ఒక బండిలో అక్కడ జెల్ల పిల్ల దొరికింది, వారం రోజులది.