రాజేంద్రనగర్ బస్సెక్కే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానాకాలం పైర్లు ఏపుమీద ఉన్న ఈ రోజుల్లో ఊళ్ల నుంచి వలంటీర్లు, కృషి సఖులు (రైతులకు సాగులో సాయపడే శిక్షణ పొందిన ఊరి మహిళలు), రైతు సంఘాల వాళ్లు హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ వ్యవసాయ పరిశోధన ప్రాంగణాల సందర్శనకు బయల్దేరుతుంటారు. ఆ సందర్శన గురించి, అక్కడ చూసినదాన్ని ఊళ్లో చేసి చూపడం గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని ఏరి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా మండలం నుంచి నలభై మంది వలంటీర్లను తీసుకెళ్తున్నాం. ఒక్క రోజులో వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల సంస్థ, నూనెగింజల సంస్థ, వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ మేనేజ్, కుదిరితే పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కూడా చూపించాలని ఉంది. ఏది ముందు పెట్టుకోవాలి?
– సంఘం బాధ్యుడు, చేవెళ్ల

జవాబు: ఇన్ని పెట్టుకుంటే గేట్లు చూసి వస్తారు, పైర్లు కాదు. ముందుగా ఇక్రిశాట్‌ను తీసేయండి. మిగతావన్నీ రాజేంద్రనగర్‌లోనే దగ్గర దగ్గరగా ఉన్నాయి, అదొక్కటే నగరానికి ఇంకో మూలన ఉంది. రింగు రోడ్డు మీద వెళ్లినా పోను రాను సగం పూట దానికే పోతుంది. రాజేంద్రనగర్‌లో కూడా రెండు పొలాలు, ఒక ల్యాబు. అంతకు మించి వద్దు.

నలభై మంది ఒకే మడి చుట్టూ నిలబడితే శాస్త్రవేత్త మాట ముందు వరసలోని పదిమందికే వినబడుతుంది. వెనకవాళ్లు ఫోన్లు తీస్తారు. అందుకే పదమూడు, పద్నాలుగు మంది చొప్పున మూడు జట్లు చేసి, ఒక్కో చోట 50 నిమిషాలు ఉంచి, జట్లను మార్చండి. ఈ పద్ధతిలో ఒకే సమయంలో ముగ్గురు శాస్త్రవేత్తలు కావాలి. ఆ మాట ఉత్తరంలోనే రాయాలి, వెళ్లాక అడిగితే దొరకరు. ఉత్తరం రెండు మూడు వారాల ముందే పంపండి. ఎంతమంది, అందులో మహిళలు ఎందరు, మీ దగ్గర ఏ పంటలు, ఏం తెలుసుకోవాలి, బస్సు నంబరు, వివరణ తెలుగులో కావాలన్న మాట, అన్నీ అందులో ఉండాలి. శని, ఆదివారాల్లో పెట్టుకోకండి, చాలా ల్యాబులు మూసి ఉంటాయి. ప్రాంగణం క్యాంటీన్లు చెప్పాపెట్టకుండా వచ్చిన నలభై మందికి వండలేవు కాబట్టి భోజనం కూడా ముందే మాట్లాడుకోవాలి.

ఇక నెల ఎంపిక. వరి రకాల మధ్య తేడా పైరు ఈనాకే కంటికి కనబడుతుంది, కనుక వానాకాలంలో అయితే అక్టోబరు మంచిది. ఆగస్టులో వెళ్తే అన్ని మడులూ ఒకేలా పచ్చగా ఉంటాయి, బోర్డులు చదువుకుని రావాలి. వరి సంస్థలో సాంబ మసూరి (బీపీటీ 5204), మెరుగుపరచిన సాంబ మసూరి పక్కపక్కన ఉన్న చోటు చూపించమని అడగండి. రెండోది వరి సంస్థ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి తయారు చేసి 2008లో విడుదల చేసిన రకం. బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు అందులో చేర్చారు. విశ్వవిద్యాలయం వైపు వెళ్తే 2015లో విడుదలైన తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) మడిని చూడండి. అది సుమారు 125 రోజుల పంట, సాంబ మసూరికి దాదాపు 150 రోజులు పడుతుంది. నీళ్లు చాలని చెరువు కింద ఆ పాతిక రోజుల తేడా ఏమిటో మీ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

బ్యానరు, గ్రూపు ఫొటో సాయంత్రానికి ఉంచుకోండి. పొద్దున పెట్టుకుంటే అరగంట హారతే.

ప్రశ్న: మొక్కల డాక్టర్లకు చూపించడానికి మా పొలాల్లోంచి తెగులు సోకిన మొక్కలు తీసుకెళ్లొచ్చా? పోయినసారి కవర్లో పెట్టి తీసుకెళ్తే కుళ్లిపోయింది, ఏమీ చెప్పలేమన్నారు.
– కృషి సఖి, శంకర్‌పల్లి

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. సొంత పొలంలోని జబ్బు చేతిలో పెట్టుకుని వెళ్లినవాళ్లే ఎక్కువ నేర్చుకుని వస్తారు. మీ నమూనాను పాడుచేసింది పాలిథీన్ కవరు. లోపల చెమ్మ పట్టి, ఆకు మీద మామూలుగా ఉండే బూజులు పెరిగిపోతాయి, అసలు తెగులు వాటి కింద పడిపోతుంది. పాత న్యూస్‌పేపరులో పొడిగా చుట్టండి. మొక్కను లాగితే వేళ్లు తెగి మట్టిలో ఉండిపోతాయి, గడ్డపారతో మట్టితో సహా పెకలించండి. కడగొద్దు. పూర్తిగా చచ్చిన మొక్క పనికిరాదు. జబ్బు మొదలైనది ఒకటి, ముదిరినది ఒకటి, పక్కనే ఉన్న ఆరోగ్యమైనది ఒకటి, ఇలా మూడు కావాలి. విత్తిన తేదీ, రకం, వేసిన ఎరువులు, చివరగా కొట్టిన మందు ఒక చీటీ మీద రాసి పొట్లం పైన అంటించండి. పిండినల్లి లాంటి పురుగున్న కొమ్మలైతే పొట్లం నోరు గట్టిగా మూయాలి, లేకపోతే బస్సులో ఊరూరా పంచినట్టే.

వరిలో ఆకు అంచులు పసుపుగా మారి ఎండుతుంటే ఒక చిన్న పరీక్ష ఊళ్లోనే చేయొచ్చు. పచ్చ, పసుపు కలిసే చోట రెండంగుళాల ముక్క కత్తిరించి, కోసిన కొస కిందికి ఉండేలా గాజు గ్లాసులోని తేట నీళ్లలో నిలబెట్టండి. గ్లాసును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఐదు పది నిమిషాల్లో కోసిన చోటు నుంచి సన్నని పాలదారం లాంటి మడ్డి కిందికి జారితే అది బ్యాక్టీరియా ఎండాకు తెగులు. పూర్తిగా ఎండిపోయిన ఆకుతో చేస్తే ఏమీ రాదు, అంతమాత్రాన తెగులు లేదనుకోవద్దు. తెగులు తేలితే ముందు చేయాల్సింది యూరియా ఆపడం, తర్వాత మడిలో నీళ్లు తీసేయడం. ఆ మడి నీళ్లు పక్క మడిలోకి వదలొద్దు, తెగులు వాటితోపాటే పోతుంది.

ప్రశ్న: సందర్శనలో వరికి యూరియా ఎప్పుడు వేయాలో చెప్పే ఆకు రంగు పట్టీలు ఇచ్చారు. ఊరికొచ్చి ఒకే మడిలో నలుగురం చూస్తే నాలుగు లెక్కలు వచ్చాయి. పట్టీలే తేడానా?
– వలంటీరు, మొయినాబాద్

జవాబు: పట్టీలు కాదు, చూసిన వేళ. పొద్దున 8 నుంచి 10 గంటల లోపే చూడాలి. ఎండ నేరుగా పడితే ఆకు ఉన్నదానికన్నా లేతగా కనబడుతుంది, యూరియా తక్కువైందనుకుని మరో విడత చల్లేస్తారు. తర్వాత వచ్చే అగ్గితెగులుకు, సుడిదోమకు ఆ అదనపు యూరియానే దారి వేస్తుంది. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, మీ నీడ ఆకు మీద పడేలా చూసుకోండి. పైనుంచి పూర్తిగా విచ్చుకున్న మొదటి ఆకును, మధ్య భాగంలో, తెంపకుండా పట్టీ మీద ఆనించి పోల్చాలి. మడి మొదట్నుంచి చివరిదాకా చూసేది ఒక్కరే అయి ఉండాలి, ఒక్కొక్కరి కంటికి రంగు ఒక్కోలా ఆనుతుంది.

ఒక మడిలో అక్కడక్కడ పది దుబ్బులు. పట్టీ మీద అంకెలేసిన పచ్చ రంగుల్లో, లేత రంగు ఆకులుండే రకాలకు 3, మిగతావాటికి, హైబ్రిడ్లకు 4 హద్దుగా పెట్టుకోండి. పదింటిలో ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఆకులు హద్దుకన్నా లేతగా ఉంటే ఎకరాకు 20–25 కిలోల యూరియా. నాటిన రెండు వారాల నుంచి మొదలుపెట్టి, 7–10 రోజులకోసారి చూస్తూ, పూత మొదలయ్యాక ఆపేయాలి. అన్ని విడతలూ కలిపి మీ నేలకు సిఫారసు చేసిన మోతాదు దాటకూడదు.

పట్టీ చెప్పలేనిది ఒకటుంది. జింకు లోపంలో ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చి పైరు గిడసబారుతుంది. అక్కడ పట్టీ చూసి యూరియా వేస్తే డబ్బు దండగ. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి.

ప్రశ్న: పత్తిలో గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన ఉన్న ఎరతో మగ రెక్కల పురుగులను పట్టేవి) కొని తెచ్చి ఎకరాకు నాలుగు పెట్టాం. వారమైనా ఒక్క రెక్కల పురుగు పడలేదు. పురుగు లేనట్టేనా?
– రైతు, వికారాబాద్

జవాబు: గుడ్డిపూలు చూశాక మాట్లాడదాం. పొద్దున్నే చేలో నడిచి, రేకలు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకున్న పూలు ఏరి విప్పండి. లోపల సన్నని పురుగు ఉంటే మీ బుట్టలే పనిచేయడం లేదన్నమాట.

కారణాలు మామూలువే. శనగపచ్చ పురుగు ఎర గులాబీ పురుగును పిలవదు, పొట్లం మీద పేరు చూడండి. ఎరను బస్సు డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టి తెస్తే దాని వాసన దారిలోనే పోతుంది. పొగాకు, మందు అంటిన చేత్తో ముట్టినా అంతే. బుట్ట పైరు పైకొసకు ఒక అడుగు ఎత్తున ఉండాలి, చేను పెరిగేకొద్దీ కర్ర మీద పైకి జరపాలి. జూలైలో పెట్టిన ఎత్తులోనే అక్టోబరులోనూ ఉంటే కొమ్మల్లో మునిగిపోతుంది. సంచి అడుగు ముడి ఊడిందేమో కూడా చూడండి. మూడు నాలుగు వారాలకోసారి ఎర మార్చి, పాతదాన్ని చేలో పారేయకుండా బయటకు తెచ్చేయాలి.

బుట్టకు రోజుకు 8 చొప్పున వరసగా మూడు రోజులు పడితే చర్య తీసుకోవాలి. బుట్ట లేకపోతే ఎకరాకు 20 పచ్చి కాయలు కోసి పగలగొట్టండి, రెండింట్లో పురుగు కనబడితే అదే హద్దు.

ప్రశ్న: అదే రోజు మట్టి నమూనాలు కూడా ఇవ్వొచ్చా?

జవాబు: ముందు అడిగి ఒప్పుకుంటే ఇవ్వొచ్చు. పొలమంతా వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల, 15 సెంటీమీటర్ల లోతున, ఆంగ్ల అక్షరం ‘వీ’ ఆకారంలో తవ్వి, ఒక పక్క నుంచి పలుచని చెక్క తీయండి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడలో ఆరబెట్టాలి. గట్లు, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోటు వదిలేయండి. సూక్ష్మపోషకాల పరీక్షకైతే ఇనుప పారకు బదులు కర్ర లేదా ప్లాస్టిక్ పనిముట్టు వాడాలి.

ప్రశ్న: తడి, పొడి పద్ధతిలో వరికి నీరు పెట్టడం పొలంలో చూపించారు. ఊళ్లో చెబితే ‘వరి నీళ్లలోనే ఉండాలమ్మా’ అంటున్నారు. ఎలా నమ్మించాలి?
– కృషి సఖి, షాద్‌నగర్

జవాబు: చెప్పకండి, ఒక గొట్టం పాతండి. నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పున్న ప్లాస్టిక్ పైపు 30 సెంటీమీటర్ల ముక్క తీసుకుని, కింది సగానికి చుట్టూ రంధ్రాలు వేయండి. గట్టు నుంచి కనీసం ఒక మీటరు లోపల, మడిలో మధ్యస్థంగా ఉన్న చోట, 15 సెంటీమీటర్లు నేలలోకి దిగేలా పాతాలి. పాతాక లోపలి మట్టిని అడుగుదాకా తోడేయాలి. చాలామంది ఈ పని వదిలేసి ‘గొట్టంలో నీళ్లే కనబడటం లేదు’ అంటారు. గట్టుకు ఆనించి పాతినా లెక్క తప్పుతుంది, పక్క కాలువ ఊట అందులోకి వస్తుంది.

నాటిన మొదటి రెండు వారాలు పలుచగా నీరు నిలపండి. అప్పుడే ఆరబెడితే కలుపు మీద పడుతుంది. తర్వాత గొట్టంలో నీరు నేల మట్టం కంటే 15 సెంటీమీటర్లు దిగాకే మళ్లీ తడి ఇవ్వాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం 5 సెంటీమీటర్ల నీరు తప్పనిసరి. ఇక్కడ ఆరబెడితే తాలు గింజలు వస్తాయి, ఆ తర్వాత ఊళ్లో మీ మాట ఎవరూ వినరు. చౌడు నేలల్లో, నీళ్లు వెంటనే ఇంకిపోయే ఇసుక దిబ్బల్లో దీన్ని మొదలుపెట్టొద్దు. కరెంటు మోటారు ఎన్ని గంటలు నడిచిందో గొట్టం పాతిన మడి రైతుతోనే రాయించండి, పక్క మడి రైతు దగ్గరా అదే రాయించండి.

ప్రశ్న: ఏ మందు కొట్టాలని రైతులు నన్నే అడుగుతున్నారు. చెప్పొచ్చా?

జవాబు: ఫలానా తెగులు అనిపిస్తోందని చెప్పొచ్చు, మందు పేరు, మోతాదు చెప్పొద్దు. ఫొటో, పైన చెప్పిన చీటీ మీ వ్యవసాయ విస్తరణ అధికారికి పంపండి. లేదా కిసాన్ కాల్ సెంటర్‌కు (1800-180-1551) రైతుతోనే ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడతారు. దుకాణంలో డబ్బా తీసుకునేటప్పుడు గడువు తేదీ, దాని మీదున్న త్రికోణం రంగు చూపించడం మాత్రం మీ పనే. ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. బిల్లు లేకుండా డబ్బా ఇంటికి తేనివ్వకండి.